జాబెజ్, యబ్బేజు: ‘వేదన’ అని అర్థమొచ్చే పేరు బిడ్డకి ఎందుకు పెడతారు?

మా పిన్ని కూతురికి ఈ మధ్య బాబు పుట్టాడు. పాస్టరు గారు ప్రతిష్ఠ ప్రార్థన చేసే రోజుకల్లా పేరు ఖాయం కావాలి. తల్లీ తండ్రీ ‘జాబెజ్’ అనుకున్నారు. ఆ మాట ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పడిన పది నిమిషాలకే ఎవరో ఒక స్క్రీన్‌షాట్ పెట్టారు. అందులో ‘జాబెజ్ అంటే దుఃఖం’ అని ఉంది. ఇక టెన్షన్ మొదలైంది. “పసివాడికి దుఃఖం అని పేరు పెడతారా?” అని అత్తయ్య. “బైబిల్లో జాబెజ్ ఎక్కడుంది? ఉన్నది యబ్బేజు” అని మామయ్య. “ఎవరూ పెట్టుకోని పేరు, రేపు స్కూల్లో ఎవరూ పలకలేరు” అని ఇంకొకరు.

మూడు మాటల్లోనూ కొంత నిజముంది. అయితే మూడూ వేరు వేరు విషయాలు. ఒకటి భాష సంగతి, ఒకటి కథ సంగతి, ఇంకొకటి లెక్కల సంగతి. అన్నీ ఒక్క ముడిగా పడిపోయాయి కాబట్టే గొడవ. ఆ ముడి విప్పడానికి కూర్చుంటే ఈ చిన్న పేరు వెనక నేను అనుకున్నదానికంటే చాలా పెద్ద చరిత్ర బయటపడింది.

పేర్ల పట్టీ మధ్యలో రెండు వచనాలు

మొదటి దినవృత్తాంతముల గ్రంథంలో మొదటి తొమ్మిది అధ్యాయాలు దాదాపు అన్నీ వంశావళులే. ఎవరు ఎవరికి పుట్టారు, ఎక్కడ కాపురమున్నారు అన్న పట్టీలు. భక్తిగా రోజూ బైబిలు చదివేవాళ్లు కూడా ఇక్కడ పేజీలు గబగబా తిప్పేస్తారు. నాలుగో అధ్యాయంలో యూదా గోత్రం పేర్లు ఒకదాని వెంట ఒకటి వస్తూ వస్తూ 9వ వచనం దగ్గర హఠాత్తుగా ఆగిపోతాయి. అక్కడ ఒక మనిషి గురించి రెండు వచనాలు.

యబ్బేజు తన సహోదరులకంటే ఘనత పొందినవాడు. వేదనపడి కన్నానని తల్లి అతనికి ఆ పేరు పెట్టింది. అతను ఇశ్రాయేలు దేవునికి మొరపెట్టి నాలుగు సంగతులు అడిగాడు: ఆశీర్వదించమని, ‘నా సరిహద్దును విశాలపరచి’ అని, నీ చెయ్యి తోడుగా ఉంచమని, కీడు నుంచి తప్పించమని. అడిగింది దేవుడు ఇచ్చాడు. అంతే. 11వ వచనం నుంచి మళ్లీ పేర్ల పట్టీ ఏమీ జరగనట్టు సాగిపోతుంది.

తండ్రి పేరు లేదు. ఏ పని చేశాడో, ఎంతకాలం బతికాడో లేదు. అదే గ్రంథం రెండో అధ్యాయం 55వ వచనంలో యబ్బేజు అనే ఊరు, అక్కడ కాపురమున్న లేఖికుల వంశాలు కనిపిస్తాయి. ఆ ఊరికీ ఈ మనిషికీ సంబంధం ఏమిటో మూలం చెప్పదు.

‘య’ ఎలా ‘జ’ అయింది

తెలుగు బైబిల్లో 119వ కీర్తన తెరిచినవాళ్లకి హీబ్రూ అక్షరాల పేర్లు కొత్త కాదు. ఆ కీర్తనలో ఒక్కో భాగం పైన ఆలెఫ్, బేత్, గీమెల్ అని వరసగా ఉంటాయి. మన పేరులో నాలుగు అక్షరాలున్నాయి: యోద్, అయీన్, బేత్, సాదె. యోద్ మన ‘య’. అయీన్ గొంతు లోపల్నుంచి నొక్కి పలికే ధ్వని, అది తెలుగులో లేదు. బేత్ మన ‘బ’. చివరి సాదె ‘త్స’ లాంటిది. మనం చలి, చాప అనేటప్పుడు పళ్ల దగ్గర పలికే ‘చ’ దానికి చాలా దగ్గర. అన్నీ కలిపితే సుమారుగా ‘యఅబేత్స్’.

ఈ పేరు లాటిన్‌లోకి వెళ్లినప్పుడు ‘య’ ధ్వనిని ఐ అక్షరంతో రాశారు. 1611లో అచ్చైన కింగ్ జేమ్స్ బైబిల్లో కూడా ఈ పేరు మొదట్లో ఉన్నది ఐ అక్షరమే. ‘జే’ విడి అక్షరంగా ఇంగ్లీషులో స్థిరపడింది ఆ శతాబ్దంలో తర్వాత. ఇంగ్లీషువాళ్లు దాన్ని అప్పటికే ‘జ’ అని పలికేవాళ్లు, అక్షరమే తర్వాత మారింది. యాకోబు జేకబ్, యోసేపు జోసెఫ్, యోనా జోనా, యిర్మీయా జెరెమయా అయిన దారి ఇదే. యబ్బేజు కూడా ఆ దారినే జాబెజ్ అయ్యాడు.

అంటే మామయ్య చెప్పింది నిజమే, మా చెల్లి చెప్పిందీ నిజమే. తెలుగు బైబిలు హీబ్రూ ‘య’ని నిలబెట్టుకుంది. బర్త్ సర్టిఫికెట్లో మనం రాసేది ఇంగ్లీషు దారిలో వచ్చిన రూపం. అలాగని తెలుగు రూపం అచ్చంగా హీబ్రూ ఉచ్చారణ అనుకోనక్కర్లేదు. అదే సాదె అక్షరం సీయోనులో, సాదోకులో ‘స’ అయితే, యబ్బేజులో ‘జ’ అయింది.

ఇక్కడే ఇంకో చిక్కు. పేర్ల వెబ్‌సైట్లు కొన్ని దీన్ని ‘యాబేషు’తో కలిపేస్తాయి. యాబేష్గిలాదు అనే ఊరు బైబిల్లో ఉంది, యాబేషు అనే మనిషీ ఉన్నాడు. ఆ మాటకి ఎండిపోయినది అని అర్థం. అక్షరాలు వేరు, ధాతువు వేరు. ఇంగ్లీషు స్పెల్లింగు దగ్గరగా ఉండటం వల్ల వచ్చిన పొరపాటు ఇది.

అర్థం నిజంగా వేదనేనా?

అసలు ముడి ఇక్కడుంది. పేరు అర్థం అని మనం ఒకే మాట వాడతాం గానీ, అందులో రెండు సంగతులున్నాయి. ఒకటి వ్యుత్పత్తి, అంటే ఆ మాట ఏ ధాతువు నుంచి పుట్టింది అన్నది. రెండోది కథలో చెప్పిన కారణం, అంటే తల్లో తండ్రో ఆ పేరు ఎందుకు పెట్టారు అన్నది. బైబిల్లో ఈ రెండూ తరచుగా కలవవు.

తెలిసిన ఉదాహరణ సమూయేలు. దేవుణ్ణి అడిగి కన్నానని హన్నా ఆ పేరు పెట్టిందని మొదటి సమూయేలు మొదటి అధ్యాయం చెబుతుంది. కానీ హీబ్రూలో ‘అడగడం’ అనే మాట షాఅల్. అది నిక్కచ్చిగా సరిపోయేది సౌలు పేరుకి, ఆ పేరుకే ‘అడిగి పొందినవాడు’ అని అర్థం. సమూయేలు అనే మాట చివర ఉన్న ‘ఏల్’ అంటే దేవుడు, మొదటి భాగాన్ని ఎక్కువగా ‘పేరు’ అన్న మాటతో కలిపి చెబుతారు. హన్నా చెప్పింది వ్యాకరణం కాదు. ధ్వనిని పట్టుకుని తన కథ చెప్పింది.

యబ్బేజు తల్లీ అదే చేసింది, ఇంకా గమ్మత్తుగా. వేదనకి హీబ్రూ మాట ‘ఓత్సెబ్’. దాని అక్షరాలు అయీన్, సాదె, బేత్. పేరులో ఉన్నవి అయీన్, బేత్, సాదె. చివరి రెండూ తారుమారయ్యాయి. తెలుగులో ఊహించాలంటే ఇలా: ఒక తల్లి వేదనపడి కని, బిడ్డకి ‘వేనద’ అని పేరు పెట్టిందనుకోండి. విన్నవాళ్లకి వేదన గుర్తుకొస్తుంది. కానీ వేనద అంటే వేదన కాదు. యబ్బేజు పేరులో ఉన్న వరసలో అక్షరాలతో బైబిలు హీబ్రూలో ఇంకో క్రియ ఏదీ కనిపించదు. కాబట్టి ‘జాబెజ్ అంటే దుఃఖం’ అన్న ఒక్క ముక్క నిఘంటువులో ఉండే అర్థం కాదు. ఆ మాట వచ్చింది తల్లి చెప్పిన కారణం నుంచి.

అక్షరాలు ఎందుకు తారుమారయ్యాయి అన్నదానిపై ఒకే అభిప్రాయం లేదు. ధ్వని దగ్గరగా ఉంటే చాలు, బైబిలు రచయితలు పేర్లతో ఇలా ఆడుకోవడం మామూలే, ఇందులో ఇంకేమీ వెతకనక్కర్లేదు అనేది ఒక వైపు. వేదన బిడ్డ మీద పూర్తిగా పడకుండా కావాలనే మాటని తిప్పేశారని చదివేవాళ్లు ఇంకో వైపు. నాకు మొదటిదే బలంగా కనిపిస్తుంది, ఎందుకంటే సమూయేలు లాంటి ఉదాహరణలు చాలా ఉన్నాయి.

ఈ మాటలాట తెలుగులో సగం పోయింది. హీబ్రూలో యబ్బేజు ప్రార్థన చివర్లో అదే ‘వేదన’ ధాతువు మళ్లీ వస్తుంది: కీడు నన్ను వేదన పెట్టకుండా చూడు అని. తల్లి నోట ఒకసారి, పేరులో తలకిందులుగా ఒకసారి, కొడుకు ప్రార్థనలో ఇంకోసారి. అంటే అతను తన పేరునే దేవుని ముందు పెట్టి, ఇది నిజం కానివ్వకు అని అడుగుతున్నాడు. తెలుగు అనువాదంలో అక్కడ ‘కీడు’ మాత్రమే మన చెవిన పడుతుంది, వేదన తిరిగి రాదు. పోయిన ఆ మాటతోనే కథకున్న కీలకం కూడా పోయిందని నా బాధ. ఆదికాండం మూడో అధ్యాయంలో స్త్రీతో ‘వేదనతో పిల్లలను కందువు’ అన్నచోటా ఇదే ధాతువు. హీబ్రూలో వినేవాళ్లకి యబ్బేజు తల్లి మాట ఏదెను తోట దాకా వెనక్కి తీసుకెళ్తుంది.

బైబిల్లో దుఃఖం పేర్లు ఇంకా ఉన్నాయి. రాహేలు ప్రాణం పోతూ కొడుకుని బెనోని అంది, నా దుఃఖపు కొడుకు అని. యాకోబు వెంటనే దాన్ని బెన్యామీనుగా మార్చేశాడు. యబ్బేజుకి అలా పేరు మార్చే తండ్రి కథలో కనిపించడు. పేరు అదే ఉంది, బతుకు మారింది.

కటువైన పేర్లు మనకీ తెలుసు. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్లలో తర్వాతి బిడ్డకి పెంటయ్య, పుల్లయ్య, బిచ్చమ్మ అని పెట్టేవాళ్లు. పెంట మీద పొర్లించి, ఎంగిలి విస్తళ్ల మీద దొర్లించి, ఈ బిడ్డ ఎవరికీ అక్కర్లేదన్నట్టు మృత్యువు కళ్లుగప్పడం ఆ పేర్ల ఉద్దేశం. యబ్బేజు పేరు సరిగ్గా అలాంటిది కాదు, అతని తల్లి ఎవరి కళ్లూ గప్పలేదు, జరిగింది జరిగినట్టు చెప్పింది. కానీ పేరు చెడ్డగా వినిపిస్తే పెట్టినవాళ్లకి ప్రేమ లేదనుకోకూడదని మన పెంటయ్యలే సాక్ష్యం.

యూదుల దగ్గర ఇది పండితుడి పేరు

యూదు సంప్రదాయం ఈ పేరుని వేదన దగ్గర వదిలెయ్యలేదు. యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథమైన తాల్మూదులో తెమూరా అనే భాగం యబ్బేజునీ, న్యాయాధిపతి ఒత్నీయేలునీ ఒకే మనిషిగా చెబుతుంది. పేరుని కూడా వేరేలా విడగొడుతుంది: ఆలోచన చెప్పి, ఇశ్రాయేలులో తోరాను, అంటే ధర్మశాస్త్రాన్ని, వ్యాపింపజేసినవాడు అని. లేఖికుల ఊరికి అదే పేరు ఉండటంతో ఈ వ్యాఖ్యానం ఇంకా బాగా అతుకుతుంది. భాషాశాస్త్రం దీన్ని ఒప్పుకోకపోవచ్చు. కానీ ఒక పేరు సమాజంలో ఎలా బతుకుతుందో ఇలాంటి వ్యాఖ్యానాలే తేలుస్తాయి.

జర్మనీలోని ఆల్టోనాలో 1697లో పుట్టిన రబ్బీ (యూదు మతగురువు) యాకోబ్ ఎమ్డెన్‌ని యూదు గ్రంథాల్లో ‘యావెత్స్’ అనే పిలుస్తారు. అది ఆయన అసలు పేరు కాదు. యాకోబ్ బెన్ త్స్వీ, అంటే త్స్వీ కొడుకు యాకోబ్. యాకోబ్ నుంచి యోద్, అయీన్, బెన్ నుంచి బేత్, త్స్వీ నుంచి సాదె తీసి కలిపితే సరిగ్గా మన నాలుగు అక్షరాలూ వస్తాయి. ఇంటిపేరుగానూ ఇది నిలిచింది. 1890లో జిఖ్రోన్ యాకోవ్ అనే ఊళ్లో జెయెవ్ యావెత్స్ అనే ఉపాధ్యాయుడు ‘తూ బిష్వాత్’ పండగ రోజున బడి పిల్లల్ని తీసుకెళ్లి మొక్కలు నాటించాడు. ఇజ్రాయెల్లో ఆ పండక్కి మొక్కలు నాటే ఆనవాయితీ అక్కణ్నుంచే వచ్చిందంటారు. 1932లో ఏర్పడిన కఫర్ యావెత్స్ అనే ఊరికి ఆయన పేరే పెట్టారు. హీబ్రూ మాట్లాడేవాళ్లకి ఈ మాట ముందుగా గుర్తుచేసేది ఇంటిపేరునే, చిన్నపిల్లాణ్ణి కాదు.

ఇంగ్లండులో ఒక ప్రసంగం, ఒక బిడ్డ

జాబెజ్‌ని చిన్నపిల్లల పేరుగా వాడుకలోకి తెచ్చింది ప్రొటెస్టెంట్లు. సంస్కరణ తర్వాత ఇంగ్లండులో ప్యూరిటన్లు, అంటే చర్చిని ఇంకా శుద్ధి చెయ్యాలన్న ప్రొటెస్టెంట్లు, పునీతుల పేర్లు వదిలి పాత నిబంధనలో పేర్లు వెతికారు. సముద్రం దాటి అమెరికా వెళ్లినవాళ్లు ఆ పేర్లూ వెంట తీసుకెళ్లారు. తొలినాటి ఇంగ్లీషు వలసదారుల్ని అమెరికా చేర్చిన మేఫ్లవర్ ఓడలో వచ్చిన జాన్ హౌలాండ్ కొడుకుల్లో ఒకరు జాబెజ్. అమెరికాలోని ప్లిమత్‌లో అతని ఇల్లు ఈనాటికీ ఉంది.

వేదన అర్థం తెలిసి కూడా ఎందుకు పెట్టారు? దీనికి నాకు దొరికిన మంచి జవాబు మెథడిస్టు చరిత్రలో ఉంది. 1769లో రిచర్డ్ బోర్డ్‌మన్ అనే బోధకుడు అమెరికా ఓడ ఎక్కడానికి వెళ్తూ డెర్బీషైర్‌లో మోనియాష్ అనే పల్లెలో ఆగి, యబ్బేజు వచనం మీద ప్రసంగించాడు. విన్నవాళ్లలో ఒక అమ్మాయి మనసు మారింది. పదేళ్ల తర్వాత, 1779లో ఆమెకి తొలి బిడ్డ పుట్టాడు. ఆ ప్రసంగం గుర్తుగా జాబెజ్ అని పెట్టింది. అతనే జాబెజ్ బంటింగ్. పెద్దయ్యాక బ్రిటన్ మెథడిస్టు సమావేశానికి నాలుగుసార్లు అధ్యక్షుడయ్యాడు. ఆ తల్లి పేరు పెట్టేటప్పుడు నిఘంటువు చూడలేదు. ఆమె మనసులో ఉన్నది ఒక ప్రార్థన, దానికి దొరికిన జవాబు.

విక్టోరియా కాలానికి అది మామూలు వ్యాపారి పేరులా అయిపోయింది. 1891 నాటి ఒక షెర్లాక్ హోమ్స్ కథలో ఎర్రజుట్టు తాకట్టు వ్యాపారి పేరు జాబెజ్ విల్సన్. అదే కాలంలో ఒక అపకీర్తి కూడా అంటుకుంది. పార్లమెంటు సభ్యుడు జాబెజ్ బాల్ఫోర్ నడిపిన లిబరేటర్ గృహరుణ సంస్థ 1892లో కూలిపోయి, చిన్న చిన్న పొదుపుదారులు వేలమంది మునిగిపోయారు. అతను అర్జెంటీనా పారిపోయాడు. పట్టుకొచ్చి 1895లో 14 ఏళ్ల శిక్ష వేశారు.

ఆ కుంభకోణం పేరుని చంపేసిందా? అలా అనుకోవడం తేలిక. కానీ ఎబెనెజర్, ఒబద్యా, హిజ్కియా లాంటి పేర్లు కూడా ఇంగ్లీషు దేశాల్లో వెనకబడిపోయాయి, వాటికి ఏ బాల్ఫోరూ లేడు. పాత నిబంధన పేర్లు పెట్టే చర్చి జీవితమే తగ్గిపోవడం అసలు కారణం అనిపిస్తుంది.

2000 సంవత్సరంలో మళ్లీ వినబడటం

2000లో అమెరికా బోధకుడు బ్రూస్ విల్కిన్సన్ ‘ద ప్రేయర్ ఆఫ్ జాబెజ్’ అని వంద పేజీలు కూడా లేని పుస్తకం రాశాడు. లక్షల్లో అమ్ముడుపోయింది. ఆ ఒక్క వచనాన్ని రోజూ ప్రార్థనగా చేసుకోమని అందులో చెప్పాడు. సరిహద్దు విశాలం కావడమంటే దేవుని పనిలో ఇంకా పెద్ద బాధ్యత దొరకడం అని ఆయన వివరణ. విమర్శించినవాళ్లు దీన్ని మంత్రంలా, ఆస్తి పెరగడానికి అడ్డదారిలా వాడుతున్నారన్నారు. దినవృత్తాంతములు బబులోను చెర తర్వాత, నేల పోగొట్టుకున్న జనం కోసం కూర్చిన గ్రంథమని, అక్కడ సరిహద్దు అంటే నిజంగానే నేల హద్దని గుర్తుచేశారు. పొలం గట్టు దగ్గర తగాదాలు చూసి పెరిగిన మనకి ఆ రెండో మాట వెంటనే అర్థమవుతుంది. మన సంఘాల్లో మాత్రం ‘సరిహద్దును విశాలపరచుము’ ఎప్పట్నుంచో ప్రార్థనల్లో నలిగిన మాటే.

అరుదైన పేరు అంటే ఎంత అరుదు?

‘ఈ పేరు జాబితాలో లేదు’ అనే మాటని జాగ్రత్తగా చదవాలి. అమెరికా సోషల్ సెక్యూరిటీ విభాగం 1880 నుంచి పుట్టిన పిల్లల పేర్ల లెక్కలు బయటపెడుతుంది, కానీ ఒక ఏడాదిలో కనీసం ఐదుగురికి పెట్టిన పేర్లే. రాష్ట్రాల వారీ లెక్కకీ అదే ఐదు హద్దు. ఇంగ్లండు, వేల్స్‌లలో ఆ హద్దు మూడు.

ఒక ఊహ లెక్క చూడండి. పది రాష్ట్రాల్లో, ఒక్కోదాంట్లో నలుగురు చొప్పున జాబెజ్‌లు పుట్టారనుకుందాం. దేశం లెక్కలో 40 కనిపిస్తుంది. రాష్ట్రాల జాబితాలు తిరగేస్తే పదింటిలోనూ సున్నా. ఇంకొకటి: చివర జెడ్ అక్షరంతో నలుగురు, ఎస్ అక్షరంతో నలుగురు ఉంటే ఆ జాబితా వాటిని రెండు పేర్లుగా లెక్కేస్తుంది, రెండూ మాయమవుతాయి, ఎనిమిది మంది పిల్లలు మాత్రం ఉన్నారు. జోయెల్ జాబెజ్ అని జంట పేరు పెడితే మొదటి పేరే లెక్కలోకి వస్తుంది. తెలుగు క్రైస్తవ ఇళ్లలో జంట పేర్లు ఎక్కువ. మన దగ్గర ఇలా ఏటేటా పేర్ల ర్యాంకులు ప్రభుత్వం ప్రకటించడమూ లేదు. కాబట్టి ఇంగ్లీషు వెబ్‌సైటు చూసి ఇది ఎవరికీ లేని పేరు అనడం కుదరదు.

నెల బిడ్డగా ఇండియాకి బయలుదేరిన జాబెజ్

మనకి ఈ పేరుతో ఒక పాత బంధుత్వం ఉంది. బాప్టిస్టు మిషనరీ విలియం కేరీ 1793 జూన్‌లో ఇంగ్లండు వదిలి బెంగాల్‌కి ఓడెక్కినప్పుడు ఆయన భార్య డొరతీ ఒళ్లో నెల బిడ్డ ఉన్నాడు. పేరు జాబెజ్. మొదట తను రానని చెప్పిన డొరతీ, ఆ బిడ్డ పుట్టాకే బయలుదేరింది. ఇంగ్లండు నుంచి నెలల ప్రయాణం, బాలింత, తెలియని దేశం. వేదన అన్న మాట ఆమెకి ఎవరూ వివరించనక్కర్లేదు. కేరీ శ్రీరాంపూర్ నుంచి తెలుగు వ్యాకరణం అచ్చేసింది 1814లో. జాబెజ్ పెద్దవాడై మిషనరీగా ఇప్పటి ఇండోనేషియాలోని అంబోయినా దీవికి వెళ్లింది కూడా ఆ ఏడే. శ్రీరాంపూర్ తెలుగు కొత్త నిబంధన 1818లో వచ్చింది. యబ్బేజు ఉన్నది పాత నిబంధనలో కాబట్టి ఆ అచ్చు పుస్తకంలో ఆ పేరు లేదు.

ఇంట్లో సంగతికొస్తే, గ్రూపులో అందరి మాటలూ అయ్యాక మా చెల్లి చివర్లో రాసింది. రెండు రోజులు నొప్పులు పడి, ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నప్పుడు బిడ్డ దక్కుతాడో లేదో ఎవరూ చెప్పలేదట. “వేదనపడే కన్నాను అత్తయ్యా. పదో వచనం కూడా ఒకసారి చదవండి” అని పెట్టింది. ప్రతిష్ఠ రోజున ఆ వచనం చదివింది అత్తయ్యే.